పాఠకుల ప్రశ్నలు: ఆ పాత ఆటలు ఏమయ్యాయి?

అమెరికాలో ఇరవై నాలుగు గంటలూ గేమ్ షోలే చూపించే జీఎస్‌ఎన్ అనే కేబుల్ చానెల్ గురించి ఈ శీర్షికలో ఇదివరకు ఒక చిన్న ప్రశ్నకు నాలుగు ముక్కల్లో జవాబిచ్చాము. అంతటితో సరిపోతుందనుకున్నాము గాని, పిల్లల దగ్గరికి వెళ్ళి ఆరేసి నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రుల్లో ఆ చానెల్‌ను ఇష్టంగా చూసినవారు ఇంతమంది ఉన్నారని అప్పుడు మాకు తెలియదు. వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి వివరంగా జవాబిస్తున్నాము.

ప్రశ్న: 2003లో మా అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. అర్ధరాత్రి పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు టీవీలో ఒక నలుపు తెలుపు కార్యక్రమం వచ్చేది. సూట్లు వేసుకున్న పెద్దమనుషులు కళ్ళకు గంతలు కట్టుకుని, వచ్చినవారెవరో ప్రశ్నలడిగి కనిపెట్టేవారు. ఆ మనవరాలి కాలేజీ చదువు పూర్తయిందని నిరుడు మళ్ళీ వెళ్ళాను. అదే చానెల్ పెడితే పొద్దునా రాత్రీ ఒకే మీసాల ఆయన, ఎదురెదురుగా రెండు కుటుంబాలు. నా కార్యక్రమం ఏమైపోయింది? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చూసినది 'వాట్స్ మై లైన్?' అనే కార్యక్రమం. సీబీఎస్ అనే అమెరికా టీవీ నెట్‌వర్కులో 1950 ఫిబ్రవరి నుంచి 1967 సెప్టెంబరు దాకా నడిచింది. చాలా ఏళ్ళు ఆదివారం రాత్రి పదిన్నరకు ప్రత్యక్ష ప్రసారంగా వచ్చేది. జాన్ చార్లెస్ డేలీ అనే వార్తా ప్రముఖుడు దానిని నడిపేవాడు. నటి ఆర్లీన్ ఫ్రాన్సిస్, పత్రికా రచయిత్రి డొరొతీ కిల్‌గాలెన్, ప్రచురణకర్త బెనెట్ సెర్ఫ్ ప్యానెల్‌లో స్థిరంగా కూర్చునేవారు. అతిథి లోపలికి వచ్చి నల్లబల్ల మీద పేరు రాసి కూర్చుంటాడు. ఆయన బతుకుతెరువు ఏమిటో ప్యానెల్ కనిపెట్టాలి. ప్రశ్నలన్నీ అవును, కాదు అని మాత్రమే జవాబు వచ్చేలా ఉండాలి. ఒక్కొక్క 'కాదు'కు డేలీ తన ముందున్న అట్టముక్కను ఒకదాన్ని తిప్పుతాడు, అతిథికి 5 డాలర్లు జమ అవుతాయి. పది 'కాదు'లైతే ఆట ముగిసినట్టే, అంటే మొత్తం బహుమతి 50 డాలర్లు. కళ్ళకు గంతలు ప్రతి అతిథికీ కాదు, ముఖం చూడగానే గుర్తుపట్టే ప్రముఖులు వచ్చినప్పుడు మాత్రమే కట్టేవారు. ఆ అతిథులేమో గొంతు మార్చి మాట్లాడేవారు. 1957లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ వచ్చినప్పుడు ప్యానెల్ ఏమడిగినా అవుననే అన్నాడు: రచయితా అంటే అవును, ఆటలతో సంబంధముందా అంటే అవును. చివరికి డేలీయే కలగజేసుకుని సర్దవలసి వచ్చింది. యాభై డాలర్ల ఆట మీద జనానికి పదిహేడేళ్ళ పాటు మోజు తీరలేదంటే, దానికి కారణం ఆ సంభాషణలోని పెద్దరికమేనని మా అభిప్రాయం.

ఇక అది ఏమైపోయింది అన్న మీ అసలు ప్రశ్నకు వద్దాం. మన దగ్గర ఒక సినిమా శాటిలైట్ హక్కులు ఒక చానెల్ కొన్నేళ్ళకు కొనుక్కుంటుంది. ఆ గడువున్నంత కాలం ప్రతి పండగకూ అదే సినిమా అక్కడే వస్తుంది, గడువు తీరాక ఒక ఆదివారం హఠాత్తుగా ఇంకో చానెల్‌లో ప్రత్యక్షమవుతుంది. జీఎస్‌ఎన్ చరిత్ర కూడా దాదాపు ఇదే. తెర మీద కనిపించిన ప్రతి పెద్ద మార్పు వెనుకా ప్రేక్షకుల అభిరుచి కన్నా ముందు, ఫలానా టేపు ఎవరి సొత్తు, దానిని వాడుకునే హక్కు ఎంతకాలం అన్న లెక్క ఉంది.

1994 డిసెంబరు 1న 'గేమ్ షో నెట్‌వర్క్' అన్న పూర్తి పేరుతో చానెల్ మొదలైనప్పుడు దాని చేతిలో రెండు పెద్ద భాండాగారాలు ఉన్నాయి. ఒకటి ప్రధాన భాగస్వామి అయిన సోనీ పిక్చర్స్ సొంతం. టీవీలు, రేడియోలు చేసే జపాన్ కంపెనీకి అమెరికా క్విజ్ కార్యక్రమాలు ఎలా దక్కాయంటే, 'జెపర్డీ!', 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' సృష్టికర్త మెర్వ్ గ్రిఫిన్ తన సంస్థను 1986లో 25 కోట్ల డాలర్లకు, అప్పట్లో కొలంబియా పిక్చర్స్ యజమాని అయిన కోకా కోలా కంపెనీకి అమ్మాడు. 1989లో సోనీ కొలంబియాను కొన్నప్పుడు అవన్నీ దానితో పాటు వచ్చేశాయి. రెండవ భాండాగారం మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్ అనే జంట నిర్మాతలది. మీరు చూసిన 'వాట్స్ మై లైన్?' మొదలు 'పాస్‌వర్డ్', 'మ్యాచ్ గేమ్', 'ఫ్యామిలీ ఫ్యూడ్', 'ద ప్రైస్ ఈజ్ రైట్' దాకా అమెరికన్లు ఇప్పటికీ పేరు చెప్పగానే గుర్తుపట్టేవి ఎక్కువగా ఇందులోనివే. అయితే ఇవి చానెల్ సొంతం కావు. ఒప్పందం మీద తెచ్చుకున్న అరువు నగలు.

ఉన్న టేపులైనా ఎలా మిగిలాయన్నది వేరే కథ. ఆ రోజుల్లో వీడియో టేపు చాలా ఖరీదు. పగటిపూట వచ్చే ఆటల కార్యక్రమాన్ని దాచుకోవాలని ఎవరూ అనుకోలేదు కనుక, నెట్‌వర్కులు పాతదాన్ని చెరిపేసి అదే టేపు మీద కొత్తది ఎక్కించేవి. 1964లో ఎన్‌బీసీలో మొదలై 1975 దాకా నడిచిన తొలి 'జెపర్డీ!'లో వేల ఎపిసోడ్లకు గాను ఇప్పుడు మిగిలినవి అతి కొద్ది. 'వాట్స్ మై లైన్?' ప్రత్యక్ష ప్రసారం కనుక, టీవీ తెరకు ఎదురుగా సినిమా కెమెరా పెట్టి తీసిన ఫిల్ములే దానికి ఆధారం. వాటినీ పారేస్తున్నారని 1952లో తెలిసి నిర్మాతలు సొంత డబ్బు పెట్టి దాయించడం మొదలుపెట్టారు. అందుకే తొలి రెండేళ్ళవి దాదాపుగా పోయినా, ఆ తరువాతవి మీ అర్ధరాత్రి కాలక్షేపానికి మిగిలాయి.

నలుపు తెలుపు ఆటలను ఆ చానెల్ రాత్రి పొద్దుపోయాక, ప్రకటనదారులు ఎవరూ అడగని వేళలో చూపించేది. తరువాత ఆ వేళలను కూడా గంపగుత్తగా డబ్బు చెల్లించి కొనుక్కునే వ్యాపార ప్రకటనలు ఆక్రమించాయి. మీ కార్యక్రమం క్రమంగా తప్పుకుంది. పూర్తిగా పోలేదు లెండి, ఇంకోచోట తేలింది. ఆ సంగతి చివరి జవాబులలో ఒకచోట చెబుతాము. ఈలోగా మీరు యూట్యూబ్‌లో వెతికితే వందల కొద్దీ ఎపిసోడ్లు దొరుకుతాయి. మనవరాలిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: ఒక వ్యాఖ్యాతకు ఇష్టం లేదని ఈ చానెల్ కొన్ని పాత ఎపిసోడ్లను ప్రసారం చేయలేదని చదివాను. అలాగే అభిమానులు 'చీకటి కాలం' అనే మాట వాడుతుంటారు. రెండూ ఒకటేనా? — ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఒకటి కాదు. మొదటిది 'ద ప్రైస్ ఈజ్ రైట్'కు సంబంధించినది. సరుకుల ధరలు ఊహించి చెప్పే ఆ ఆటను 1972 నుంచి 2007 దాకా ముప్పై అయిదేళ్ళు నడిపిన బాబ్ బార్కర్, జంతువుల హక్కుల కోసం గట్టిగా నిలబడిన మనిషి. ఉన్ని కోట్లు కాదు, జంతువుల చర్మంతో చేసిన బొచ్చు కోట్లు మొదటి పదేళ్ళూ ఆ కార్యక్రమంలో బహుమతులుగా ఉండేవి. 1982లో ఆయన పట్టుబట్టి వాటిని మాన్పించాడు. పునఃప్రసారం మొదలయ్యాక అలాంటి కోట్లు కనిపించే పాత ఎపిసోడ్లు తెర మీదికి రాకూడదన్నది ఆయన కోరిక. ఆ ప్రకారం అవి పక్కన ఉండిపోయాయి. డెబ్బైల నాటి ఎపిసోడ్లు చూద్దామని ఎదురుచూసిన అభిమానులు ఆయన మీద అలిగారు. తన పేరు మీద నడిచిన పని విషయంలో ఒక మనిషి తరువాతి కాలంలో మనసు మార్చుకుంటే ఆ మాటకు విలువ ఇవ్వడం తప్పని మేము అనుకోము. ఆ ఎపిసోడ్లు ఆనాటి పోటీదారుల జ్ఞాపకాలు కూడా కదా అనేవారి వాదనలోనూ పస లేకపోలేదు.

'చీకటి కాలం' అన్నది పూర్తిగా ఒప్పంద వ్యవహారం. మార్క్ గుడ్‌సన్ 1992 డిసెంబరులో మరణించాక ఆయన సంస్థ చేతులు మారింది, ఆ కొన్న సంస్థ మళ్ళీ చేతులు మారింది. ఈ మార్పుల నడుమ గుడ్‌సన్ కార్యక్రమాల మీద చానెల్‌కు ఉన్న హక్కుల గడువు తీరిపోయింది. 1997 అక్టోబరు 11 నుంచి 1998 ఏప్రిల్ 18 దాకా, ఇంచుమించు ఆరు నెలలు, చానెల్ ప్రధానంగా సోనీ సొంత సరుకుతోనే నెట్టుకొచ్చింది. ఆ సరుకులో నాసిరకం అనదగినది తక్కువే. 'జెపర్డీ!' ఉంది, డిక్ క్లార్క్ నడిపిన 'పిరమిడ్' ఉంది, చక్ బారిస్ సృష్టించిన 'ద న్యూలీవెడ్ గేమ్', 'ద గాంగ్ షో' వంటి అల్లరి కార్యక్రమాలూ ఉన్నాయి. అయినా 'మ్యాచ్ గేమ్'లో జీన్ రేబర్న్ పొడుగాటి సన్నని మైకు పట్టుకుని ప్యానెల్‌తో సరసాలాడటం రోజూ చూడటానికి అలవాటుపడినవారికి ఇల్లు ఖాళీ అయినట్టనిపించింది. కొత్త ఒప్పందం కుదిరి అవి తిరిగి వచ్చిన రోజును తేదీతో సహా గుర్తుపెట్టుకున్నారంటే ఆ లోటు ఎంతటిదో ఊహించవచ్చు.

చానెల్ యాజమాన్యానికి మాత్రం ఈ ఆరు నెలలు ఇంకో పాఠం చెప్పినట్టున్నాయి: ఇంకొకరి టేపుల మీద ఆధారపడిన చానెల్ ఎప్పుడైనా ఖాళీ కావచ్చు కనుక, సొంత కార్యక్రమాలు ఉండి తీరాలి. తరువాత జరిగినదంతా ఆ దారిలోనే నడిచింది.

ప్రశ్న: గేమ్ షో చానెల్‌లో పేకాట ఏమిటండీ? మా అబ్బాయి ఇంట్లో 2007 ప్రాంతంలో ఆ చానెల్ పెడితే గంటల తరబడి డబ్బు కట్టలు గుట్టలు పోసుకుని పేకలాడుకునేవారు. — ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీరు చూసినది బహుశా 'హై స్టేక్స్ పోకర్' కావచ్చు. 2006 జనవరిలో మొదలైంది. అందులో కూర్చోవాలంటే ఆటగాడు తన సొంత డబ్బు కనీసం లక్ష డాలర్లు తెచ్చుకోవాలి. టోర్నమెంటు కాదు, నిజమైన నగదు ఆట. బల్ల మీద మీరు చూసిన కట్టలు అచ్చమైన నోట్లే. బ్యాంకులో పనిచేసిన మీకు ఆ దృశ్యం కంపరం పుట్టించి ఉంటుంది.

ఆ స్థితికి ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2001లో రిచ్ క్రోనిన్ చానెల్ బాధ్యత తీసుకున్నాడు. అంతకుముందు పాత ధారావాహికలను పునఃప్రసారం చేసే 'టీవీ ల్యాండ్' అనే చానెల్‌కు తొలి అధిపతిగా ఉన్నవాడు కనుక పాత సరుకు విలువా తెలుసు, దాని హద్దూ తెలుసు. అమెరికాలో ప్రకటనల ధరను నిర్ణయించేది పద్ధెనిమిది నుంచి నలభై తొమ్మిది ఏళ్ళ మధ్య ప్రేక్షకులు. నలుపు తెలుపు ఆటలను ఆప్యాయంగా చూసేవారిలో అత్యధికులు ఆ వయసు దాటినవారు. చానెల్‌ను వారు ఎంత నమ్మకంగా చూసినా ప్రకటనల రేటు పెరగదు. అందుకని 2002 నుంచి వరసగా సొంత కార్యక్రమాలు దిగాయి. 'రష్యన్ రూలెట్'లో జవాబు తప్పిన పోటీదారు, అదృష్టం కూడా కలిసిరాకపోతే, కాళ్ళ కింద తలుపు తెరుచుకుని లోపలికి పడిపోతాడు. 'ఫ్రెండ్ ఆర్ ఫో?'లో కలిసి సంపాదించిన డబ్బును పంచుకోవాలో కాజేయాలో ఇద్దరూ రహస్యంగా నిర్ణయించుకోవాలి; ఇద్దరూ కాజేయాలనుకుంటే ఇద్దరికీ సున్న.

ఈ దశలోనే చానెల్ తన పాత టేపుల విలువను అన్నిటికన్నా తెలివిగా వాడుకున్న సందర్భం ఒకటి ఉంది. 1984లో 'ప్రెస్ యువర్ లక్' అనే ఆటలో ఒహాయోకు చెందిన మైకేల్ లార్సన్ అనే ఐస్‌క్రీమ్ బండి డ్రైవరు ఒకే ఆటలో 1,10,237 డాలర్ల విలువైన నగదు, బహుమతులు గెలిచాడు. పద్ధెనిమిది గళ్ళ మీద దీపం ఎడాపెడా గెంతుతూ ఉంటుంది, పోటీదారు మీట నొక్కినప్పుడు అది ఎక్కడ ఆగితే అది అతనిది. 'వ్యామీ' అనే ఎర్ర భూతం ఉన్న గడిలో ఆగితే అప్పటిదాకా గెలిచినదంతా పోతుంది. దీపం ఇష్టం వచ్చినట్టు గెంతడం లేదని, అయిదే అయిదు వరసలలో తిరుగుతోందని లార్సన్ ఇంట్లో వీసీఆర్ మీద ఒక్కొక్క చిత్రం ఆపి చూసి కనిపెట్టాడు. పై వరసలో ఒకటీ కుడి పక్కన ఒకటీ రెండు గళ్ళలో భూతం ఎన్నడూ రాదని, పైగా అక్కడ డబ్బుతో పాటు మరొక అవకాశం కూడా దొరుకుతుందని గుర్తించి, వాటినే గురి చూసి, భూతం బారిన పడకుండా నలభై సార్లకు పైగా నొక్కాడు. సీబీఎస్ వారు దానిని మోసమని తేల్చలేక డబ్బు ఇచ్చారుగాని, ఆ ఎపిసోడ్లను మళ్ళీ చూపించడానికి ఏళ్ళ తరబడి ఇష్టపడలేదు. 2003లో జీఎస్‌ఎన్ ఆ ఆటను బయటికి తీసి, చుట్టూ కథ అల్లి, పెద్ద డాక్యుమెంటరీగా చూపించింది. మాలాంటివారి దృష్టిలో ఆ చానెల్ చేసిన మంచి పనులలో అదొకటి. ఆ దారినే ఇంకొంత దూరం వెళ్ళి ఉంటే బాగుండేది.

వెళ్ళలేదు. 2004 మార్చి 15న పేరును జీఎస్‌ఎన్ అన్న మూడక్షరాలకు కుదించి, తాము గేమ్ షోలకే కాదు, ఆటలన్నిటికీ చానెల్ అని ప్రకటించుకున్నారు. 'షో' అన్న మాట పేరులోంచి మరుగున పడగానే గేట్లు ఎత్తినట్టయింది: బ్లాక్‌జాక్ అనే పేకాట పోటీలు, పోకర్, పెద్దవాళ్ళు బంతులతో కొట్టుకునే 'ఎక్స్‌ట్రీమ్ డాడ్జ్‌బాల్', ఇతర నెట్‌వర్కులలో వచ్చేసిన రియాలిటీ పోటీల పునఃప్రసారాలు. అప్పటికి రెండు మూడేళ్ళుగా అమెరికాలో పోకర్ జ్వరం ఊపు మీద ఉంది, ఇంటర్నెట్ పోకర్ కంపెనీలు ప్రకటనల మీద డబ్బు ధారపోస్తున్నాయి. మీరడిగిన పేకాటకు మూలం ఆ ప్రకటనల డబ్బు. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ పెద్ద ఇంటర్నెట్ పోకర్ కంపెనీల మీద కేసులు పెట్టి వాటి సైట్లను స్వాధీనం చేసుకోగానే ఆ ధార తెగిపోయింది. 'హై స్టేక్స్ పోకర్' ఆ చానెల్‌లో ఆ ఏడాదితోనే ఆగిపోయింది.

ప్రశ్న: అయిదు అక్షరాల ఇంగ్లీషు మాటను ఆరు ప్రయత్నాలలో కనిపెట్టే 'వర్డిల్' ఆట మా బడిలో పిల్లలకూ టీచర్లకూ వ్యసనమైంది. ఇది ఆ చానెల్‌లో ఎప్పుడో వచ్చిన ఆటకు కాపీ అని మా మరిది అంటున్నారు. నిజమేనా? — ఒక ఉపాధ్యాయురాలు, హైదరాబాదు

జవాబు: కాపీ అనడం అన్యాయం, పోలిక మాత్రం కాదనలేనిది. మీ మరిదిగారు చెబుతున్నది 'లింగో' గురించి. 2002 ఆగస్టు నుంచి 2007 దాకా చక్ వూలరీ నడిపిన ఈ ఆట, ఆ చానెల్ సొంత కార్యక్రమాలలో ఎక్కువకాలం నిలిచినవాటిలో ఒకటి. ఇద్దరేసి జట్టు, అయిదు అక్షరాల మాట, మొదటి అక్షరం ముందే ఇస్తారు, అయిదు ప్రయత్నాలు. సరైన చోట పడిన అక్షరానికి ఒక గుర్తు, మాటలో ఉండి చోటు తప్పిన అక్షరానికి మరొక గుర్తు. 'వర్డిల్' 2021లో వచ్చింది. 'లింగో' పుట్టుక మాత్రం జీఎస్‌ఎన్‌ది కాదు. 1987లోనే అమెరికాలో ఒక రూపంలో వచ్చి వెళ్ళింది, నెదర్లాండ్స్‌లో ఏళ్ళ తరబడి రోజువారీ కార్యక్రమంగా స్థిరపడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేము. జీఎస్‌ఎన్ 'లింగో' మొదటి సీజను అమెరికాలో తీయలేదు. నెదర్లాండ్స్‌లో డచ్చి కార్యక్రమానికి అప్పటికే సెట్టు వేసి ఉంది కనుక, వ్యాఖ్యాతను అక్కడికే పంపి, డచ్చివారి సెట్టు మీదే ఇంగ్లీషు ఎపిసోడ్లు తీసేశారు. కేబుల్ చానెల్ బడ్జెట్ అంటే ఏమిటో దీన్ని బట్టి తెలుస్తుంది. 'జెపర్డీ!' అంతటి పెద్ద కార్యక్రమమే ఒక రోజులో అయిదు ఎపిసోడ్లు తీస్తుంది. రోజు మారిందని నమ్మించడానికి విజేత మధ్యలో వెళ్ళి చొక్కా మార్చుకుని వస్తాడు. అంతకన్నా చిన్న చానెల్ ఎంత పొదుపుగా ఉండాలో వేరే చెప్పనక్కరలేదు. ఒకే సెట్టు, ఒకే వ్యాఖ్యాత, కొద్ది వారాల షూటింగు, ఏడాది పొడవునా ప్రసారం. పేకాట కన్నా, డాడ్జ్‌బాల్ కన్నా ఈ మాటల ఆటే చానెల్‌కు ఎక్కువకాలం అన్నం పెట్టింది.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటున్నాను. ఇప్పుడు ఆ చానెల్ నిండా స్టీవ్ హార్వీ 'ఫ్యామిలీ ఫ్యూడ్' మాత్రమే ఎందుకు? కొత్తవి తీయడం మానేశారా? పాతవి ఎక్కడ చూడాలి? — ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మానలేదు. పేకాట మోజు తగ్గాక చానెల్ తిరిగి తన దారికి వచ్చింది. 2009లో 'ద న్యూలీవెడ్ గేమ్'ను కొత్తగా తీశారు. 2012 ఆగస్టులో హాస్యనటుడు జెఫ్ ఫాక్స్‌వర్తీ నడిపిన 'ది అమెరికన్ బైబిల్ చాలెంజ్' అప్పటిదాకా ఆ చానెల్ చూడని స్థాయిలో ప్రేక్షకులను తెచ్చింది. గెలిచిన డబ్బు పోటీదారులకు కాక వారు ఎంచుకున్న సేవా సంస్థలకు వెళ్ళేది. 2013లో బ్రిటిష్ ఆట 'ద చేజ్'ను అమెరికాకు తెచ్చి, అక్కడి క్విజ్ పండితుడు మార్క్ లాబెట్‌నే రప్పించి కూర్చోబెట్టారు. ఒక్క మనిషి ఎదుట ముగ్గురు జట్టుగా నిలబడి ఓడిపోవడం ఇంత రంజుగా ఉంటుందని అంతకుముందు ఎవరూ ఊహించలేదు.

2018లో మొదలైన 'అమెరికా సేస్' ఇప్పటి చానెల్ స్వభావానికి మంచి నమూనా. జాన్ మైకేల్ హిగిన్స్ ఒక అసంపూర్ణ వాక్యం చదువుతాడు. జనం దానిని ఎలా పూరించారో సర్వేలో తేలిన ఏడు జవాబుల మొదటి అక్షరాలు తెర మీద ఉంటాయి. నలుగురి జట్టుకు ముప్పై సెకన్లు. చివరి రౌండులో పెద్ద బహుమతి 15,000 డాలర్లు. పాండిత్యం అక్కరలేదు, పక్కింటివాళ్ళు ఏమంటారో ఊహిస్తే చాలు. ఈ సూత్రం 'ఫ్యామిలీ ఫ్యూడ్' నుంచి వచ్చిందని మీకు ఈపాటికే తోచి ఉంటుంది.

ఆ 'ఫ్యూడ్' 1976లో రిచర్డ్ డాసన్ వ్యాఖ్యాతగా ఏబీసీలో మొదలైంది. డాసన్ అంతకుముందు 'మ్యాచ్ గేమ్' ప్యానెల్‌లో పేరు తెచ్చుకున్నవాడే. చాలామంది చేతులు మారి 2010లో స్టీవ్ హార్వీ (తెనాలి పాఠకురాలు చూసిన మీసాల ఆయన) దగ్గరికి వచ్చాక దానికి కొత్త ప్రాణం వచ్చింది. పోటీదారు ఏదో అనరాని జవాబు చెప్పడం, హార్వీ కళ్ళు పెద్దవి చేసి బల్ల మీద చేతులానించి మౌనంగా నిలబడిపోవడం, ప్రేక్షకులు పగలబడి నవ్వడం. ఇంట్లో పని చేసుకుంటూ అయిదు నిమిషాలు చూసినా చాలు, మధ్యలో వదిలేసినా నష్టం లేదు. రోజుకు ఎన్నిసార్లు వేసినా చూసేవారు ఉన్నారు కనుక చానెల్ వేస్తూనే ఉంది. మాకు మటుకు వరసగా నాలుగోది చూసేసరికి ఆయన మౌనం కూడా ముందే తెలిసిపోతుంది.

చిత్రమేమిటంటే ఇంతగా ఆధారపడిన ఈ కార్యక్రమం కూడా చానెల్ సొంతం కాదు. గుడ్‌సన్ వారి ఆస్తి మొత్తం ఇప్పుడు ఫ్రీమాంటిల్ అనే సంస్థది. 'ఫ్యూడ్' కూడా అందులోదే. 1997లో గడువు తీరి ఖాళీ అయిన ఇంటికి ఇప్పటికీ అద్దె కడుతున్నట్టే లెక్క. పైగా 2015 జూన్ 1న ఫ్రీమాంటిల్ తన పాత టేపులతో తానే 'బజర్' అనే చానెల్ మొదలుపెట్టింది. తెనాలి పాఠకురాలికి చెబుతామన్న సంగతి ఇదే: 'వాట్స్ మై లైన్?', 'ఐవ్ గాట్ ఎ సీక్రెట్', 'మ్యాచ్ గేమ్', 'పాస్‌వర్డ్' వంటివాటికి ఇప్పుడు ఇల్లు అది. మీ డాలస్‌లో యాంటెన్నాతో ఉచితంగా వచ్చే స్థానిక చానెళ్ళలో ఒకదాని ఉపచానెల్‌గా అది వస్తుందేమో చూడండి, కేబుల్ అవసరం ఉండదు. ఇంటర్నెట్‌లో కూడా వస్తుంది.

ప్రశ్న: ఈ చానెల్‌కూ మన 'మీలో ఎవరు కోటీశ్వరుడు'కూ ఏమైనా చుట్టరికం ఉందా? — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: దూరపు చుట్టరికం ఉంది, సోనీ వైపు నుంచి. బ్రిటన్‌లో పుట్టిన ఆ ఆట హక్కులు 2006లో నెదర్లాండ్స్‌కు చెందిన 2వేట్రాఫిక్ అనే సంస్థకు వెళ్ళాయి. 2008లో ఆ సంస్థను సోనీ పిక్చర్స్ కొన్నది. అంటే 2014లో మా టీవీలో నాగార్జున కుర్చీలో కూర్చున్నప్పటికీ, 2021లో జెమినీలో జూనియర్ ఎన్టీఆర్ 'ఎవరు మీలో కోటీశ్వరులు'గా నడిపినప్పటికీ ఆ ఆట నమూనా సోనీ చేతిలోనే ఉంది. జీఎస్‌ఎన్‌లో మాత్రం సోనీతో పాటు చాలాకాలం మరో వాటాదారు ఉండేవారు: లిబర్టీ మీడియా, దాని తరువాత డైరెక్ టీవీ, డైరెక్ టీవీని కొన్న ఏటీ అండ్ టీ. 2019 నవంబరులో ఏటీ అండ్ టీ చేతిలోని 42 శాతం వాటాను కూడా సోనీ కొనేసి పూర్తి యజమాని అయింది. రెండేళ్ళు తిరగకముందే, చానెల్ పేరు మీద పెరిగిన మొబైల్ ఆటల విభాగాన్ని స్కోప్లీ అనే సంస్థకు 100 కోట్ల డాలర్లకు అమ్మేసింది. టీవీ చానెల్‌ను తన దగ్గరే ఉంచుకుంది. అందులో రేపు సాయంత్రం కూడా హార్వీగారే ఉంటారు.